డ్రమ్ము ఆగేదాకా

వెనక వరండా,
మీ అమ్మమ్మ కునుకు తీస్తున్న వేళ

పేచీకి,

ముందు అసలు సంగతి. ఈ మధ్య స్టాంపుల వెనక జిగురు మరీ చేదుగా ఉంటోంది. ఇదివరకు ఇలా ఉండేది కాదు. ఒక్క స్టాంపు నాకితే సాయంత్రం దాకా టీ రుచి తెలియడం లేదు. నువ్విప్పుడు మంత్రివట కదా, ఆ సంగతేదో చూడు.

ఇక రెండోది. నువ్వు మంత్రివయ్యావని రేడియోలో చెప్పారు. మీ అమ్మమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి "ఏ శాఖట?" అంది. "సైనిక శాఖ" అన్నాను. నమ్మలేదు. నేను చెప్పేదాంట్లో పావు వంతు కూడా నమ్మదు ఆవిడ. వార్తలు మళ్ళీ వచ్చినప్పుడు తనే విని, కాసేపు నవ్వి, కాసేపు కళ్ళు తుడుచుకుని, "బొద్దింక కనిపిస్తే మంచమెక్కే పిల్లకి తుపాకులెందుకు?" అంది.

ఆవిడకి తెలీదు గాని నాకు ఎప్పుడో తెలుసు. నీకు ఆరేళ్ళప్పుడు గిన్నెలో పాలు మాయమయ్యాయి. నువ్వు పిల్లిని చంకనేసుకుని మీ అమ్మమ్మని గోడకి నిలబెట్టావు. "పిల్లి తాగడం చూశావా? దాని మూతి తడిగా ఉండటం చూశావా? మరి చీపురెందుకెత్తావు?" అని. పిల్లి నిర్దోషిగా బయటపడింది. పాలు తాగినవాడు పక్కనే మీసం తుడుచుకుంటూ కూర్చున్నాడు. వాణ్ణి మాత్రం నువ్వు ఒక్క ప్రశ్న అడగలేదు. బయటివాళ్ళ తప్పులైతే ఇట్టే పట్టేస్తుంది, ఇంట్లోవాళ్ళవి పట్టదు అని అప్పుడే అనుకున్నాను.

తర్వాత నల్లకోటు వేశావు. ప్యాంటు పొట్టిగా కుట్టాడని దర్జీ మీద దావా వేసినవాడికి కోర్టులోనే ఆ ప్యాంటు తొడిగించి, "మునివేళ్ళ మీద కాదు బాబూ, మామూలుగా నిలబడండి" అన్నావు. జడ్జి కూడా నవ్వాడట. తర్వాత మునిసిపాలిటీ మీద కేసు మీద కేసు గెలిచావు. ఈవిడ బయటుండి కేసులెయ్యడం కంటే లోపలుండి పని చెయ్యడమే నయమని జనం ఓట్లేసి లోపలికి తోశారు. ఇప్పుడేమో ఏకంగా సైన్యం.

ఆ సైన్యంలో తల నెరిసేదాకా పెద్ద డ్రమ్ము కొట్టినవాణ్ణి, ఒక్క మాట చెబుతా విను. అక్కడ బుర్ర చెప్పింది కాలు వినదు. డ్రమ్ము చెప్పింది వింటుంది. నువ్వేమో అందరితో బుర్రతో మాట్లాడతావు. చూసుకో.

ఇక ఉంటాను. రాయడానికి కళ్ళజోడు పెట్టుకుంటే ముక్కు నొప్పి. లేకపోతే అక్షరాలు చీమల బారు. అదే ఎదురింటి మేడ మీద ఎవరి చొక్కా ఆరేశారో, దానికి ఏ బొత్తం ఊడిందో ఇక్కణ్ణుంచే చెప్పగలను.

నీ తాతయ్య

*

సైనిక శాఖ కార్యాలయం,
రెండో అంతస్తు

తాతయ్యా,

స్టాంపుల జిగురు నా శాఖ కిందకి రాదు. అయినా తపాలా మంత్రి గారిని అడిగాను. "ఫిర్యాదు ఎవరూ చెయ్యలేదే" అన్నారు. "మా తాతయ్య చేశాడు" అన్నాను. "నోటి మాట చెల్లదు, ఉత్తరం రాయమనండి" అన్నారు. ఉత్తరం రాయాలంటే స్టాంపు నాకాలి. ఇక నీ ఇష్టం.

నా గది చూస్తే నవ్వుతావు. గోడ నిండా పాత మంత్రుల ఫొటోలు. అందరికీ మీసాలే. కుర్చీ వాళ్ళ కాళ్ళ కొలతకి చేయించింది, నా కాళ్ళు నేలకి ఆనవు. కింద రెండు లా పుస్తకాలు వేసుకున్నాను. చదివిన చదువు అక్కరకొచ్చిందని అమ్మమ్మకి చెప్పు.

ఈ శాఖ నాకెందుకిచ్చారంటావేమో. ఎవరూ తీసుకోలేదు, అందుకని. ప్రధాని గారు బల్ల చుట్టూ చూస్తే అందరూ తమ చెప్పులు చూసుకున్నారు. తలెత్తి ఉన్నది నేనొక్కదాన్నే.

వచ్చిన కొత్తలోనే విన్యాసాలు చూపించడానికి తీసుకెళ్ళారు. నది మీద పడవలు వరసగా కట్టి వంతెన వెయ్యాలి. అంతా సిద్ధం. ఒక కుర్ర కెప్టెను, ఆడపిల్లే, తాళ్ళు పట్టుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉంది. ఆజ్ఞ ఇవ్వాల్సిన బ్రిగేడియర్ గారు గుడారంలో నిద్రపోతున్నారు. "లేపండి" అన్నాను. "పెద్దాయన తనంతట తను లేవాలి గాని లేపకూడదండీ, ఇక్కడ అదే పద్ధతి" అన్నారు. నది ఆగుతుందా? ఆయన లేచేసరికి పడవలు కొట్టుకుపోయాయి. ఆయన బయటికొచ్చి ఒళ్ళు విరుచుకుని, "పడవలేవి?" అని అడిగారు. నిజం యుద్ధమైతే అవతలి ఒడ్డునున్న మన పిల్లల గతేం కాను?

అందుకని చట్టం ఒకటి రాశాను. అరవై దాటిన అధికారులు గౌరవంగా తప్పుకోవాలి. పై పదవి వయసు చూసి, వంశం చూసి కాకుండా పని చూసి ఇవ్వాలి. ఇంతే. కాని అది చట్టసభకి వెళ్ళాలంటే ముందు పెద్ద అధికారుల మండలి సంతకం పెట్టాలి. మండలిలో అందరూ అరవై దాటినవాళ్ళే. కొమ్మ మీద కూర్చున్నవాళ్ళ చేతికే గొడ్డలిచ్చి, ఆ కొమ్మే నరకండి అన్నట్టుంది నా పని.

మండలికి పెద్ద జనరల్ గారు. నువ్వు ఆయన పటాలంలోనే చేశానంటావుగా. మనిషి ఎలాంటివాడు?

నీ పేచీ

*

వెనక వరండా

పేచీకి,

తపాలా మంత్రికి ఉత్తరం రాసి పడేశాను. స్టాంపు మీ అమ్మమ్మ చేత నాకించాను. రెండు రోజులుగా నాతో మాటల్లేవు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో.

జనరల్ గారు నాకెందుకు తెలియదు. కొత్త లెఫ్టినెంటుగా వచ్చినప్పుడు ఆయనకి మీసం లేదు, ఏ కాలు ముందు వెయ్యాలో తెలీదు. అందరూ ఎడమ కాలేస్తే ఆయన కుడి కాలేసేవాడు. పాపం కుర్రాడు పరువు పోగొట్టుకుంటున్నాడని నేను డ్రమ్ము మీద ఒక దెబ్బ మింగేసేవాణ్ణి. దాంతో పటాలం మొత్తం తడబడేది, ఆయనొక్కడూ సరిగ్గా నడిచేవాడు. పై అధికారి చూసి "ఈ కుర్రాడొక్కడే క్రమశిక్షణ కలవాడు" అని రాసుకున్నాడు. ఆయన జనరల్ అయ్యాడంటే అందులో నా డ్రమ్ముకీ వాటా ఉంది.

మనిషి మంచివాడు. అబద్ధమాడడు. ఒకరి మీద చెయ్యి చేసుకోవడం చూడలేదు. ఒక్కటే రోగం, "నావల్ల కాదు" అనే మాట ఆయన నోటికి రాదు. ఒకసారి అంత జ్వరంలో వానలో నిలబడ్డాడు. గొడుగు పడితే "ఎండగా ఉందా?" అని అడిగాడు. అలాంటివాడి దగ్గరికెళ్ళి మీరు ముసలివారైపోయారు, దిగండి అంటే దిగుతాడా? వాదనతో ఆయన్ని కదిలించలేవు. నిన్ను చూస్తే జాలేస్తోంది, నవ్వూ వస్తోంది. నవ్వే ఎక్కువ.

నీ తాతయ్య

*

సైనిక శాఖ కార్యాలయం

తాతయ్యా,

నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. మండలితో ఎన్నిసార్లు కూర్చున్నా ఇదే వరస. నేను గదిలోకి వెళ్ళగానే జనరల్ గారు లేచి నిలబడతారు. నేను కూర్చుంటే గాని కూర్చోరు. "లాయరు గారూ, బాగా చెప్పారు, ఆలోచిద్దాం" అంటారు. తక్కినవాళ్ళు బిస్కెట్లు తింటారు. పడవలాయన, అదే ఆ బ్రిగేడియర్, నిన్న నన్ను పక్కకి పిలిచి "మీ తాతగారికి ఎన్నేళ్ళమ్మా?" అని అడిగారు. చెప్పాను. "ఆయన్నీ ఇంట్లోంచి తప్పుకోమంటావా?" అన్నారు. "అమ్మమ్మ రోజూ అదే అంటుంది" అన్నాను.

అసలు విషయం ఇప్పుడు చెబుతాను. ప్రధాని గారు గడువు పెట్టారు. సైనిక దినం అయిన వారంలోగా మండలి సంతకం రాకపోతే చట్టం వెనక్కి, నేను చేపల శాఖకి. చేపల మంత్రి అప్పుడే వచ్చి నా గది కొలుచుకుని వెళ్ళారు. కిటికీ తెరలు మార్పిస్తారట.

నీ పేచీ

*

వెనక వరండా

పేచీకి,

చేపల శాఖ మాత్రం తక్కువా? వాటికీ మీసాలుంటాయి, కాని ఎదురు మాట్లాడవు. అరవై దాటేదాకా ఎవరూ బతకనివ్వరు కాబట్టి నీ చట్టం అక్కడ ఎప్పుడో అమల్లో ఉంది. మీ అమ్మమ్మ అయితే మంచి చేప చవగ్గా దొరుకుతుందా అని అడగమంది.

మాటలు మొదలయ్యాయి, చూశావుగా. నా ప్రశాంతత గోవిందా.

నీ తాతయ్య

*

సైనిక శాఖ కార్యాలయం

తాతయ్యా,

నది దగ్గర తాళ్ళు పట్టుకున్న కెప్టెను ఇవాళ రాజీనామా ఇచ్చింది. ఇంకెన్నాళ్ళు నీళ్ళలో నిలబడమంటారండీ అని అడిగింది. అలసటగా ఉంది. అమ్మమ్మకి చెప్పకు.

*

వెనక వరండా

పేచీ,

అమ్మమ్మకి చెప్పలేదు.

ఆ పిల్ల కాయితం నీ బల్ల సొరుగులో పడేసి తాళం వెయ్యి. తాళంచెవి పోయిందని చెప్పు. సైన్యంలో అది మామూలే.

సైనిక దినం నాడు పాత బ్యాండువాళ్ళని పిలిచి ఒకసారి వాయించనిస్తారు కదా. ఏటా పిలుస్తారు, నేనే వెళ్ళను. ఈసారి వస్తాను. డ్రమ్ము మోస్తూ నడిచే మోకాళ్ళు కావు నావి, ఒక ఎత్తు స్టూలు వేయిస్తే కూర్చుని కొడతాను. నిన్ను వేరే ఏమీ అడగను.

తాతయ్య

*

సైనిక శాఖ కార్యాలయం

తాతయ్యా,

నువ్వింత మర్యాదగా ఎప్పుడూ రాయలేదు. ఒంట్లో బాగానే ఉందా?

స్టూలు ఏర్పాటు చేయించాను. బ్యాండుమాస్టరు మురిసిపోతున్నాడు. పద్ధతి నీకు తెలిసిందే అయినా చెబుతాను. మండలి పెద్దలు కాలి నడకన ముందు నడుస్తారు. మైదానం చుట్టూ ఒక్క చుట్టు, జెండా దగ్గర ఆగాలి. డ్రమ్ము ఆగేదాకా కాలు ఆగకూడదన్నది పాత నియమం, ఇప్పటికీ అలాగే ఉంది. వాళ్ళు జెండా దగ్గరికి రాగానే బ్యాండుమాస్టరు కర్ర ఎత్తుతాడు, నువ్వు ఆపాలి. లేదా జనరల్ గారు చెయ్యెత్తినా ఆపాలి. దయచేసి కళ్ళజోడు మర్చిపోకు. నీకు కర్ర కనబడకపోతే కొంప మునుగుతుంది.

ముందు రోజు సాయంత్రం మండలి ముందు నా ఆఖరి ఉపన్యాసం. ఈసారి అంకెలు తీసేశాను. ఒక్క మాటే చెప్పదలచుకున్నాను. ఆజ్ఞ ఇవ్వాల్సిన చెయ్యి లేవకపోతే వెనకున్నవాళ్ళు ఆగలేరు, నడుస్తూనే పోతారు అని.

వాళ్ళు బిస్కెట్లు తినకుండా వింటే అదే చాలు.

నీ పేచీ

*

సైనిక శాఖ కార్యాలయం

తాతయ్యా,

తిట్టేలోగా రైలెక్కి పారిపోయావు కాబట్టి కాయితం మీద తిడుతున్నాను. కళ్ళజోడు పెట్టుకుని చదువు. ఇంట్లోనే మర్చిపోయానన్నావుగా, అక్కడే ఉండి ఉంటుంది.

పెద్దలు ఒక చుట్టు తిరిగి జెండా దగ్గరికొచ్చారు. బ్యాండుమాస్టరు కర్ర ఎత్తాడు. నువ్వు స్టూలు మీద కూర్చుని, ఆకాశంలో పిట్టల్ని చూస్తూ కొడుతూనే ఉన్నావు. వాళ్ళు జెండా దాటి రెండో చుట్టుకి బయల్దేరారు. బ్యాండుమాస్టరు కర్ర ఊపాడు. తర్వాత తువ్వాలు ఊపాడు. చివరికి టోపీ తీసి ఊపాడు. నువ్వు తల ఊపావు, తాళానికి.

రెండో చుట్టులో బ్రిగేడియర్ గారి బెల్టు తెగింది. ఒక చేత్తో సెల్యూట్, ఒక చేత్తో ప్యాంటు. మూడో చుట్టుకి ఒకరి కోటు అంచు ఒకరు పట్టుకుని రైలుపెట్టెల్లా వస్తున్నారు. జనరల్ గారు ముందు నిటారుగానే ఉన్నారు గాని, మీసానికి రాసిన మైనం ఎండకి కరిగి, చెవి దగ్గరుండాల్సిన కొస గడ్డం దగ్గరికొచ్చింది.

ప్రధాని గారు నా చెవిలో "ఆపమనమ్మా" అన్నారు. నియమాల పుస్తకం నా సంచీలోనే ఉంది. తీసి చూశాను. డ్రమ్ము ఆపే హక్కు బ్యాండుమాస్టరు కర్రకీ జనరల్ చేతికీ తప్ప ఇంకెవరికీ లేదు. మంత్రికి లేదు. ప్రధానికి లేదు. అదే చెప్పాను. ఆయన నన్ను చూసిన చూపు చచ్చినా మర్చిపోను.

ఆఖరికి బ్యాండుమాస్టరు మైదానానికి అడ్డం పడి పరిగెత్తుకొచ్చి నీ చెయ్యి పట్టుకున్నాడు. నువ్వు "అప్పుడే అయిపోయిందా నాయనా?" అన్నావట.

మండలి ఇళ్ళన్నిటికీ వెళ్ళి నేను క్షమాపణ చెప్పుకున్నాను. అందరూ వేడినీళ్ళ తొట్టిలో కాళ్ళు పెట్టుకునే మాట్లాడారు. జనరల్ గారు మాత్రం "మీ తాతగారి చెయ్యి ఇంకా గట్టిగానే ఉంది" అని ఊరుకున్నారు.

ఇంతవరకు రాసి ఉత్తరం ఆపాను. ఇప్పుడు మళ్ళీ మొదలుపెడుతున్నాను. మండలి సంతకం పెట్టింది తాతయ్యా. అందరూ. మొదటి సంతకం జనరల్ గారిది. చేపల మంత్రి వచ్చి తెరల గుడ్డ వెనక్కి తీసుకెళ్ళారు. సొరుగు తాళంచెవి దొరికింది, కెప్టెను చేతికే ఆ కాయితం ఇచ్చి చింపమన్నాను. వంతెనల పని ఇక ఆమెదే.

చూశావా మరి. వాదనతో కదిలించలేవన్నావు. ఆ సాయంత్రం నా ఉపన్యాసం అవగానే అందరూ బిస్కెట్ల పళ్ళెం వైపు తిరిగారు, పోయిందనుకున్నాను. మధ్యలో నువ్వు చేసిన రభస కూడా తట్టుకుని అది వాళ్ళ మనసుల్లో పనిచేసింది. లా కాలేజీవాళ్ళు దాన్ని పుస్తకంగా వేస్తామంటున్నారు, 'కేవలం వాదనతో గెలవడం ఎలా' అని పేరు. ముందుమాట రాస్తున్నాను.

విడిగా ఒక పార్సిల్ పంపాను. దూరం చూపుకి కొత్త కళ్ళజోడు, మెడలో వేసుకునే తాడుతో సహా. ఇక మర్చిపోయే వీల్లేదు.

నీ పేచీ

*

వెనక వరండా

పేచీకి,

ఈసారి స్టాంపు చేదు నాకు తగల్లేదు. కవరు మీద స్టాంపు జనరల్ గారు నాకారు. అవును, ఆయనే. పదవి దిగి మామూలు చొక్కాలో, తన పెట్టె తనే మోసుకుంటూ మన వీధిలోకొచ్చాడు. సైకిలు రిపేరువాడు చూసి పంపు కింద పడేసుకున్నాడు. మీ అమ్మమ్మ కుర్చీ వేస్తే, ఎవరూ బతిమాలకుండానే కూర్చున్నాడు. ఆయన అలా కూర్చోవడం నా జన్మలో ఇదే చూడటం. స్టాంపు ఇచ్చి "చేదుగా ఉందేమో చూడండి సార్" అన్నాను. నాకి, కళ్ళు గట్టిగా మూసుకుని, "ఏమీ లేదే" అన్నాడు. ఆ రోగం ఇంకా కుదర్లేదు.

టీ తాగాక నా జేబుకేసి చూసి, "ఆ రోజు కూడా ఇక్కడే ఉంది కదూ?" అన్నాడు.

"ఏది సార్?"

"కళ్ళజోడు. మొదటి చుట్టులోనే చూశాను. ఎండకి తళతళలాడుతోంది."

దొరికిపోయాక దాచేదేముంది. "మరి చెయ్యెత్తలేదే?" అన్నాను.

"మొదటి చుట్టు అయ్యాక పంతం. ముందు నువ్వాపాలని. రెండో చుట్టులో కోపం. మూడో చుట్టులో ఇక చాలు, ఎత్తుదామనుకున్నాను." కప్పు కింద పెట్టాడు. "చెయ్యి లేవలేదయ్యా. వెనక వాళ్ళ రొప్పు వినిపిస్తోంది, నా చెయ్యి లేవడం లేదు. ముందు రోజు మీ మనవరాలు సరిగ్గా ఇదే చెప్పింది. విని, భలే మాట్లాడింది అనుకున్నాను, అంతే. నడిస్తే గాని బుర్రకెక్కలేదు."

కాబట్టి పుస్తకం శుభ్రంగా వేయించుకో, సగం గెలుపు నీదే. 'కేవలం' అన్న మాట మాత్రం కొట్టెయ్యి. లేకపోతే లా చదివే పిల్లలు పాపం నోరు నొప్పి పుట్టేదాకా వాదించి, డ్రమ్ము కొట్టే తాత లేక ఓడిపోతారు.

నన్ను తిట్టుకుంటావని తెలుసు. ఏం చెయ్యను, ఆ కెప్టెను సంగతి రాసిన ఉత్తరంలో నువ్వు నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నావు. పుట్టినప్పటినుంచీ నువ్వు నాలుగు ముక్కల్లో ఏదీ చెప్పలేదు. కింద పేరు కూడా లేదు. నాకు భయమేసింది. ఏం చెయ్యాలో తోచక కూర్చుంటే, కళ్ళజోడు మర్చిపోకు అని నువ్వే దారి చూపించావు.

నువ్వు పంపిన కొత్తది పెట్టుకుంటే ఎదురింటి మేడ నీళ్ళలో ఉన్నట్టు ఊగుతోంది. తాడు బాగుందని మీ అమ్మమ్మ వేసుకుని తిరుగుతోంది. నాకు దూరం చూపు ఏనాడూ తగ్గలేదే అమ్మాయ్. నా కళ్ళజోడు అక్షరాలకే. ఆ రోజు బ్యాండుమాస్టరు కర్రే కాదు, ఆయన ఊపిన తువ్వాలుకి మూలన ఉన్న చిరుగు కూడా కనబడింది. అన్నీ చూస్తూనే కొట్టాను. కోర్టులో అంతమందిని నీళ్ళు తాగించిన దానివి, "అది ఏ చూపుకి తాతయ్యా?" అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అక్కడికక్కడే దొరికిపోయేవాణ్ణి.

నీ తాతయ్య